గేర్ ఆయిల్ మార్చిన రోజు

“ఐదు నిమిషాల పని. వచ్చి సీట్ల కూసో,” అంది రజిని.

“నేను కూసోను,” అన్నాడు రామేశ్వర్. గడప దాటి వాకిట్లోకైతే వచ్చాడు గానీ, కారుకు నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయాడు.

రజిని చేతులకు మోచేతుల దాకా మరకలు. పొద్దున్నే జాకీలు పెట్టి, కారు కిందికి దూరి, గేరుబాక్సులోని ఆయిల్ తనే దింపింది. నట్టు బిగించి, బానెట్ ఎత్తి, గరాటుతో కొత్త ఆయిల్ పోసింది. జాకీలు తీసేసింది. ఇక అది ఎంతవరకు వచ్చిందో చూడటమే మిగిలింది. సిద్దిపేటలో బోరు మోటార్ల సామాను దుకాణం వాళ్లది. పానాలు, నట్లు ఆమెకు కొత్త కాదు. పది నెలలుగా ఆ దుకాణాన్ని ఆమె ఒక్కతే తెరుస్తోంది.

“మెకానిక్ స్వామిని పిలువు. నేనెందుకు?”

“స్వామి దుబ్బాక పోయిండు. ఆటోమేటిక్ బండి గద, ఇంజన్ నడుస్తుండంగనే చూడాలె. ఒకలు బ్రేక్ తొక్కి పట్టుకొని గేర్లన్నీ ఒక్కొక్కటి వేసుకుంట రావాలె. అప్పుడు నేను ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూస్త.”

“రేపు చూద్దాం.”

“రేపు గూడ గిదే మాటంటవు.”

అతను కారు వైపు చూడలేదు. పది నెలల క్రితం, ఇదే వాకిట్లో, ఆ కారును అతను వెనక్కి తీస్తుండగా మూడేళ్ల మనస్విని చక్రం కింద పడి చనిపోయింది. వాళ్లకు ఒక్కతే బిడ్డ. ఆ రోజు నుంచి అతను స్టీరింగ్ ముట్టలేదు. గట్టిగా ఏడవనూ లేదు. పెట్టింది తింటాడు, గోడ వైపు తిరిగి పడుకుంటాడు. కారు అమ్మెయ్యమని అందరూ అన్నారు. రజిని అమ్మలేదు. ఎందుకని అతను అడగలేదు.

కాసేపటికి వచ్చి కూర్చున్నాడు. వద్దని వాదించడానికి కూడా ఓపిక కావాలి. అది అతని దగ్గర లేదు.

“బ్రేక్ తొక్కినవా?”

“తొక్కిన.”

“స్టార్ట్ చెయ్యి.”

ఇంజన్ అందుకుంది. బానెట్ ఎత్తి ఉండటంతో ఆమె కనిపించడం లేదు. గొంతు మాత్రం వినిపిస్తోంది.

“రివర్స్‌ల వెయ్యి.”

గేర్ రాడ్ మీద ఉన్న అతని చెయ్యి కదల్లేదు.

“అది లేకుంట మిగతయి వెయ్యరాదా?”

“రాదు. అన్ని గేర్లల్లకు ఆయిల్ పోవాలె.”

“ఎనుక ఎవరున్నరో నాకు కనిపిస్తలేదు, రజినీ.”

చెప్పుల చప్పుడు కారు పక్కనుంచి వెనక్కి పోయింది. లోపలి అద్దంలో ఆమె కనిపించింది. డిక్కీని ఆనుకొని నిలబడింది.

“ఎనుక నేనున్న. వెయ్యి.”

“పక్కకు జరుగు.”

“జరగ. బ్రేక్ నీ కాలి కిందనే ఉన్నది గద. వెయ్యి.”

కాలు నొప్పి పుట్టేలా బ్రేక్ తొక్కిపట్టి, రాడ్ లాగాడు. బండి ఒకసారి అదిరింది. కదల్లేదు. అద్దంలో రజిని కూడా కదల్లేదు.

“ఇగ న్యూట్రల్.”

వేశాడు.

“డ్రైవ్.”

వేశాడు.

“మల్ల పార్కింగ్‌కు తే.”

ఈసారి రివర్స్ మీదుగా వస్తున్నప్పుడు చెయ్యి ఆగలేదు.

రజిని ముందుకు వచ్చి కడ్డీ తీసి, పాత బట్టతో తుడిచి, మళ్లీ దూర్చి తీసింది. వెలుతురుకు పెట్టి చూసింది. తడి రెండు గీతల నడుమ ఆగింది.

“సరిపోయింది. బందు చెయ్యి,” అని, నల్లా దగ్గరికి పోయి సబ్బు అందుకుంది.

రామేశ్వర్ దిగాడు. చేతులకు ఏదో ఒక పని కావాలనిపించింది. గేరుబాక్సు నుంచి దింపిన ఆయిల్ టబ్బులో ఉంది, దాన్ని పక్కన పెడదామని వంగాడు. ఏళ్ల తరబడి నడిచిన ఆయిల్ నల్లగా, మాడు వాసనతో ఉండాలి. ఇది ఎర్రగా, టబ్బు అడుగు కనిపించేంత తేటగా ఉంది.

“రజినీ, గిది కొత్త ఆయిలే గద?”

ఆమె తల ఎత్తకుండా చేతులు రుద్దుకుంటూనే ఉంది.

“మార్చుడు గిది మూడోసారి,” అంది. “రెండుసార్లు పిలిచిన. నువ్వు బయటికి రాలే.”