నిన్నటి గౌను

"పౌడరు తుడిచెయ్యమ్మా. నిన్నటి చిరిగిన గౌనే వెయ్యి," అంది స్వర్ణలత.

పేద పిల్లల మీద తను తీసే సినిమా కోసం వారం రోజులు తిరిగి, మన్సూరాబాద్‌లో సగం కట్టిన అపార్ట్‌మెంట్ దగ్గర నిన్ననే ఆ గౌనును పట్టుకుంది. తీరా ఇవాళ అక్కడి వాచ్‌మన్ భార్య ముత్తమ్మ కూతురు, దిల్‌సుఖ్‌నగర్ బట్టల షాపు ముందు పెట్టే బొమ్మలా తయారై నిలబడింది.

"ఈ గౌను పక్కోళ్లను అడిగి తెచ్చిన మేడం. మంచిగ లేదా?" అంది ముత్తమ్మ.

"బాగుంది. కానీ సినిమాకి పాతదే కావాలి."

ముత్తమ్మ మారు మాట్లాడకుండా గౌను మార్చింది, జడలు విప్పింది, పౌడరు తుడిచింది. ఆఖర్న తన కంటి కాటుక వేలితో తీసి పిల్ల బుగ్గన చుక్క పెట్టింది.

"మళ్లీ అదెందుకమ్మా?" స్వర్ణలత విసుక్కుంది.

"దిష్టి తగుల్తది గద మేడం! గింతమంది పిల్లలుండంగ నా బిడ్డనే ఏరుకున్నరు. మా ఆయనతోని గూడ అన్న, మన పిల్ల ఎంత సక్కగ లేకుంటె సిన్మావోళ్లు ఎతుక్కుంట ఒస్తరని."

స్వర్ణలత పిల్ల మొహంలోకి చూసింది.

"చుక్క చెరిపెయ్యమంటారా మేడమ్?" కెమెరా వెనక నుంచి జగన్ అడిగాడు.

"వద్దు."

ఆమె పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, అప్పుడడిగింది.

"నీ పేరేంటమ్మా?"