ఒకే కొండకు రెండు పేర్లు

నేను పటాల ఆఫీసులో పేర్లు రాసేవాణ్ణి. మనిషి అడుగుపెట్టని శిఖరాలకు కొలిచినవాడే పేరు పెట్టుకోవచ్చని అప్పట్లో ఒక వెసులుబాటు ఉండేది. ప్రేమకొద్దీ భార్య పేరు పెట్టినవాడూ ఉన్నాడు, భయంకొద్దీ అత్తగారి పేరు పెట్టినవాడూ ఉన్నాడు. మా గురువుగారు ఉత్తరం వైపు నుంచి కొలిచిన శిఖరానికి పెద్దమ్మాయి పేరు పెట్టారు. మరుసటేడు దక్షిణం వైపు నుంచి కొలిచినదానికి, ఆ వేసవిలోనే జ్వరంతో పోయిన చిన్నమ్మాయి పేరు పెట్టారు.

ముప్పై ఏళ్లకు విమానం నుంచి తీసిన ఫొటోలు వచ్చాయి. అక్కడున్నది ఒకటే శిఖరం. ఒక పేరు తీసెయ్యాలి. ఆ మాట చెప్పడానికి నేనే ఆయనింటికి వెళ్లాను.

ఆయన టీ చల్లారిపోయేదాకా ఫొటో చూశారు.

"పెద్దదాని పేరు కొట్టెయ్యి," అన్నారు. "దాని పేరు వాళ్లింటి గేటు మీద కూడా ఉంది. చిన్నదానిది ఇంకెక్కడా లేదు."

"అలాగేనండీ. కానీ గురువుగారూ, మెట్లెక్కుతూ కూడా లెక్కపెట్టుకునే మనిషి మీరు. మీకెలా తప్పింది?"

"తప్పలేదురా. ఎత్తులో అడుగు కూడా తేడా రాలేదు. లెక్క కట్టిన రోజే తెలుసు, అది పెద్దదాని కొండేనని."

"మరి?"

"ఆ ఏడు నాకు ఇంకో కొండ దొరకలేదు," అన్నారు కళ్లజోడు తుడుచుకుంటూ. "రిపోర్టులో నా పొరపాటని రాసెయ్యి."

అలాగే రాశాను. ఆయన సర్వీసు మొత్తంలో దొరికిన తప్పు అదొక్కటే.