కల్వర్టు కాడ ఆగే ఆటో

ఆటో మళ్ళ ఆగింది.

ఎక్కడనో కాదు, రోజూ ఆగే జాగలనే. ఇబ్రహీంపట్నం శివారు కల్వర్టు కాడ, బడి ఇంకా పొలాలకు అవతల ఉండంగనే.

"దిగుర్రి బిడ్డా, ఇంజను అలిగింది," అన్నడు ఆటో నడిపే ఎల్లస్వామి.

పిల్లలకు అదే పండుగ. "జోర్ లగాకే... హైస్సా!" అనుకుంట ఆటోను పక్కకు నూకిర్రు. బ్యాగులు అండ్లనే ఇడిసిపెట్టి, గట్ల మీదికెల్లి బడి దిక్కు ఉరికిర్రు. ఎల్లస్వామి తువ్వాల భుజాన ఏసుకొని, "పైలం బిడ్డా, పైలం" అనుకుంట ఎనకాలనే నడిసిండు.

పిల్లలు గేటు దాటినంక ఆయన మళ్ళ కల్వర్టు కాడికి నడిసిపోయి బ్యాగులు తెస్తుండె. గప్పటికి ఆ మాయదారి ఇంజనుకు ఎట్లనో అలక తీరుతుండె.

ఆ పొద్దు మహేశ్వర్ బైకు మీద అటే పోతున్నడు. కాలనీ కమిటీ ప్రెసిడెంటు ఆయన. చూస్తే, తన కొడుకు రోహన్ అందరి ఎనకాల రొప్పుకుంట ఉరుకుతున్నడు. బూట్ల నిండ మట్టి, జేబు నిండ రేగుపండ్లు.

మహేశ్వర్‌కు ఎక్కడలేని కోపమొచ్చింది.

"ఏందే ఎల్లన్నా, నీ డొక్కు బండి? పిల్లలు గిట్ల దుమ్ములవడి పోవాల్నా?"

"జర ఖరాబుంది సార్."

"రోజూ ఖరాబేనా? బాగు చేపియ్యరాదు?"

ఎల్లస్వామి నెత్తి గోక్కున్నడు. "సార్, చిన్నప్పుడు మీరు బడికి ఎట్ల పోయిర్రు?"

"నడిసే పోయినం, గతి లేక. నా కొడుక్కేం ఖర్మ?"

ఎల్లస్వామి నవ్వుకుంట పిల్లల ఎనకాల నడిసిండు.

ఆ నెల దాటినంక ఆయన్ని రావొద్దన్నరు. ఏసీ వ్యాను మాట్లాడిర్రు. అది ఇంటి ముంగట ఎక్కించుకొని బడి మెట్ల కాడ దింపుతది. బూట్లకు మట్టి అంటదు.

పిల్లల ఒళ్ళు పెరగకుండ చూసే కార్యక్రమం ఒకటి రెండేండ్ల సంది ఆ కాలనీల నడుస్తున్నది. పార్కుల ఆటలు, తల్లులకు మీటింగులు, రాగి లడ్డూలు. పట్నం సంస్థోళ్ళ ఎంటవడి దాన్ని తెచ్చింది మహేశ్వరే. తేకేం చేస్తడు? "పిలగాడు ఇట్లనే పెరిగితే చిన్నతనంలనే షుగర్ వస్తది" అని డాక్టర్ అన్నకాడికెల్లి ఆయనకు కంటి మీద కునుకు లేదు.

పోయినేడు రోహన్ జర సన్నబడ్డడు. ఆ సంబురంల మహేశ్వర్ కాలనీకంత జిలేబీలు పంచిండు. ఏం చెప్తం!

గిప్పుడేమో పిలగాడు మళ్ళ ఉబ్బుతున్నడు. ఎందుకో అంతు చిక్కుతలేదు.

కార్యక్రమం పనిచేసిందా లేదా చూడనీకి సంస్థ నుంచి మనోజ్ఞ అనే ఆమె వచ్చింది. పిల్లలందరి బరువులు చూసింది, తల్లులతోని మాట్లాడింది. ఆఖరుకు మహేశ్వర్ ఇంట్ల కూసొని చాయ్ తాగుకుంట చెప్పింది.

"నిజం చెప్పాలంటే, పెద్ద తేడా ఏమీ రాలేదండీ."

మహేశ్వర్ మొఖం మాడింది. "మావోడు తగ్గిండు గద మేడం?"

"కొద్దిమంది బాగా తగ్గారు. చిత్రమేంటంటే, వాళ్ళందరూ ఒకే ఆటోలో బడికెళ్ళిన పిల్లలు. ఆటో మానేశాక మళ్ళీ బరువు పెరుగుతున్నారు. ఏముందండీ ఆ ఆటోలో?"

"ఏముంటది? ఉత్త డొక్కు ఆటో. ఒక్కనాడన్న బడి దాక పోతేనా..."

గట్ల మీద రొప్పుకుంట ఉరికిన రోహన్, మట్టి బూట్లు మహేశ్వర్ కండ్ల ముంగట మెదిలినయి.

రోహన్ తలుపు కాడ నిలబడి అంత ఇంటున్నడు. "డాడీ, ఆటో తాతను మళ్ళ రమ్మనవా? వ్యానుల నిద్రొస్తది. తాతైతే రేగుచెట్టు దాక మాకు రేసు పెడుతుండె. ఒకపారి నేనే ఫస్టొచ్చిన, ఎరికేనా!"

పిలగాని కండ్లల్ల ఆ మెరుపు చూసి ఎన్ని దినాలైందో మహేశ్వర్‌కు యాదికి లేదు.

ఆదివారం పొద్దుగాల్లనే మంచాల ఊరికి బయలెల్లిండు. ఎల్లస్వామిది ఆ ఊరే. మహేశ్వర్‌ది గూడ ఆ దిక్కు పల్లెనే. చిన్నప్పుడు నడిసిన బడి తొవ్వ మీద గిప్పుడు తారు పడ్డది. చెప్పులు చేతులవట్టుకొని వాగు దాటింది, జేబుల పల్లికాయ దోస్తులకు పంచింది, బెల్లు ఇనవడంగనే ఉరికింది, అన్నీ మతికొచ్చినయి. ఎంత మంచిగుండె ఆ దినాలు! గతి లేక అన్న తన మాటకు తనకే సిగ్గయింది.

'తప్పయింది ఎల్లన్నా, మళ్ళ రాయే' అని ఎట్ల అడగాల్నో తొవ్వపొంట అనుకుంటనే పోయిండు.

ఇంటి ముంగట అదే ఆటో. మంచం మీద భారీ మనిషి ఒకాయన కూసున్నడు. ముప్పై దాటలేదు. మోకాలు కింద ఒక కాలు లేదు. మహేశ్వర్ ఎల్లన్న కోసం అడిగిండు.

"నేను పరమేష్, ఆయన కొడుకును. బాపు లేడన్నా. పోయిన నెల నిద్రలనే పోయిండు."

మహేశ్వర్ మంచం అంచుకు కూసున్నడు. "నీ కాలు ఏమైంది తమ్మీ?"

"షుగర్ చిన్నప్పటి సందే. దవాఖానల తీసేసిర్రు." పరమేష్ ఆటో దిక్కు చూసిండు. "బాపు బండి అమ్మాలె. ఎవరన్న ఉంటే చెప్పుర్రి."

"అది మస్తు సతాయిస్తది గద?"

పరమేష్ తాళంచెవి చేతికిచ్చిండు. "మీరే చూడుర్రి."

మహేశ్వర్ తిప్పిండు. తిప్పుడుతోనే ఇంజను భుర్రుమన్నది.

"మరి రోజూ కల్వర్టు కాడ..."

పరమేష్ ఇంజను చప్పుడు ఇనుకుంట, లేని కాలు మీదికి లుంగీ సదురుకున్నడు.

"నన్నైతే బాపు ఒక్కనాడు గూడ నడవనియ్యలే అన్నా, క్లాసు గడప దాక ఆటోలనే దింపుతుండె."