ముందు పోయిన కారు

"ఆపండి! మనిషి పడిపోయినాడు, ఆపండి!" స్టెల్లా మొగుడి భుజం పట్టుకుని కుదిపేసింది.

శామ్సన్ బ్రేకు మీద కాలు పెట్టాడు గానీ గట్టిగా తొక్కలేదు. వర్తూరు చెరువు పక్క రోడ్డు అది. పొద్దు గూకింది, సన్నగా వాన పడుతోంది, వీధి దీపాలు ఇంకా వెలగలేదు. కారు పక్క అద్దం ఒక మోపెడ్‌కు తగిలింది, అంతే. పెద్ద చప్పుడు కూడా కాలేదు. వెనక్కి చూస్తే, పడ్డ మనిషి రోడ్డు మీదే కూర్చుని తల పట్టుకుని ఉన్నాడు.

"లేచి కూర్చున్నాడు చూడు. ఏమీ కాలేదు."

"కూర్చుంటే ఏమీ కానట్టేనా? నర్సును నేను. నన్ను దిగి చూడనీండి."

"దిగితే జనం చుట్టుకుంటారు స్టెల్లా. నోటితో అడిగేవాడు ఒక్కడుండడు, ముందు చెయ్యి లేస్తుంది."

అతని కాలు దానంతట అదే బ్రేకు మీంచి పక్కకు జరిగింది. కారు మళ్ళీ వేగం అందుకుంది. మలుపు తిరిగాక అద్దంలో చీకటి తప్ప ఇంకేమీ మిగల్లేదు.

స్టెల్లా మాట్లాడ్డం మొదలుపెట్టి ఆపలేదు.

"గుద్దినోళ్ళు నిలబడాల. దెబ్బ తగిలినోణ్ణి ఆస్పత్రికి తీసుకపోవాల. స్టేషన్లో చెప్పాల. చిన్నదా పెద్దదా అని చూసేదానికి మనమెవరం? తలకు దెబ్బ తగిలి, నవ్వుకుంటా నడిచొచ్చి, మా వార్డులో పడిపోయినోళ్ళను చూసినా నేను."

"రేపు పొద్దున పోయి కనుక్కుంటా."

"రేపు ఎవర్ని కనుక్కుంటారు? ఆదివారం గుళ్ళో ఏ మొహం పెట్టుకుని కూచుంటాం?" సీటు బెల్టు విప్పేసింది. "తిప్పండి. లేదంటే ఇక్కడే దిగి నడిచిపోతా."

ఆమె చెయ్యి నిజంగానే తలుపు మీద పడేసరికి శామ్సన్ కారు తిప్పాడు.

వచ్చిన దారి చిన్నదే. తిరిగిపోయే దారే ఎంతకీ తెగలేదు. ముందు లారీ, పక్కన నీళ్ళ ట్యాంకరు, మధ్యలో దూరే ఆటోలు. ఆ మనిషి ఈపాటికి బట్టలు దులుపుకుని ఇంటికి పోయుంటాడని శామ్సన్ తనకు తాను చెప్పుకున్నాడు. పోయుంటే బాగుండునని మొక్కుకున్నాడు కూడా.

అక్కడ జనం గుంపుగా నిలబడి ఉన్నారు. ఇద్దరూ కారు దిగి దగ్గరికి పోయారు. ఒక టెంపో రోడ్డుకు అడ్డంగా ఆగి ఉంది. మోపెడ్ దాని ముందు చక్రం కింద నలిగి ఉంది. మనిషి మాత్రం లేడు.

టెంపో దీపాల వెలుతురులో ఒక బక్క మనిషి, ఒంటి మీద చొక్కా లేకుండా, కానిస్టేబుల్ ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. ఆ చేతులనిండా రక్తం.

"నా పేరు ఎల్లయ్య సార్. ఇసుక సంచులు తోల్తా. నేనొచ్చేసరికే ఆయన రోడ్డు మీద పడున్నడు. ఎవరో గుద్ది పోయిండ్రు సార్. చీకట్ల కనబడలే. బ్రేకేసిన, వానకు జారింది."

"అందురూ చెప్పేది ఇదే గదప్పా," అన్నాడు కానిస్టేబుల్ అశ్వత్థప్ప విసుగ్గా. "ముందు ఎవురో గుద్దినారంట. ఆ ఎవురో యాడుండాడు? ఎవురికీ కనబడడు!"

"నేను పారిపోలే గద సార్. నా అంగీ ఇప్పి తలకు కట్టిన. అంబులెన్సుకు ఫోన్ చేసిన. మీకూ నేనే చేసిన."

"మంచి పనే చేసినావు. ఐతే మనిషి అంబులెన్సు ఎక్కీలోపలే పోయినాడు. చక్రం నీది. నేనేం చేసేది?"

శామ్సన్ గొంతు అతనికే కొత్తగా వినబడింది. "సార్... ఆ ముందు గుద్దినవాడు దొరికితే?"

అశ్వత్థప్ప టోపీ తీసి నీళ్ళు విదిలించాడు. "వాడు నిలబడింటే చిన్న కేసు సార్. మనిషిని పక్కకు తీసి కూచోబెట్టింటే ఈపొద్దు ఈ చావే లేదు. పారిపోయినాడు గదా, దొరికితే వాడికి జైలే. ఉద్యోగముంటే అదీ పోతుంది. ఈ ఎల్లయ్య మీద బరువు కొంచెం తగ్గుతుంది."

ఎల్లయ్య గబుక్కున తలెత్తాడు. శామ్సన్, స్టెల్లా మొహాల్లోకి మార్చి మార్చి చూశాడు. "సార్, మీరేమన్న చూసిండ్రా? అక్కా, మీరు? ఒక్కరు చెప్పినా చాలు, నమ్ముతరు."

తాను చేయాల్సిన పనులన్నీ ఈ చొక్కా లేని మనిషి చేశాడు. ఆగాడు, కట్టు కట్టాడు, ఫోన్ చేశాడు, నిలబడ్డాడు. ఆ మాట మనసులో పడ్డాక శామ్సన్‌కు భయం ఉన్నట్టుండి దిగిపోయింది. జైలైతే జైలే. తిప్పమని మొండికేసిన పెళ్ళానికి లోపల్లోపలే దణ్ణం పెట్టుకుని, ఒక అడుగు ముందుకు వేశాడు.

"సార్, నేను..."

"ఏం సార్, చూసినారా?" అశ్వత్థప్ప అతనికేసి తిరిగాడు.

స్టెల్లా చెయ్యి శామ్సన్ మణికట్టును పట్టుకుంది. నాడి చూసినట్టు కాదు, గోళ్ళు దిగేటట్టు.

"లేదు సార్, మేం ఇప్పుడే వచ్చినాం, జనాన్ని చూసి ఆగినాం అంతే," అంది ఆమె తొణక్కుండా. "మా ఆయన రక్తం చూస్తే మతి పోయి ఏదేదో మాట్లాడతాడు, ఇంటికి తీసుకపోతా."