నెప్ట్యూన్ దగ్గర దారి

బయట చీకటి పడింది. గ్రంథాలయంలో రెండు అలమరాల మధ్య ఎనిమిదిమంది పిల్లలు కళ్లకు వీఆర్ హెడ్‌సెట్లు పెట్టుకుని, ఒకరి వెనక ఒకరు నిలబడి గ్రహాలు చూస్తున్నారు. ఎవరూ తూలి పడకుండా సైన్సు టీచరు వరుస చివర కాపలా కాస్తోంది.

ఆ గ్రహాల ఆట నెప్ట్యూన్ దాకా వచ్చింది. అందరికంటే ముందున్న కుర్రాడు ఒకడుగు పక్కకు జరిగాడు. కాసేపటికి వాడి వెనకున్న పిల్ల జరిగింది. ఆ తర్వాత మూడోవాడు. ఇరుకు సందులో ఎవరికో దారి ఇస్తున్నట్టుగా ఉంది.

వీళ్లకు ఒకరికొకరు కనపడరు కదా, ఒకరి తర్వాత ఒకరు ఎలా జరుగుతున్నారని టీచరుకు అనుమానం వచ్చింది.

"ఏంట్రా, నన్ను ఆటపట్టిస్తున్నారా?"

ఎవరూ నవ్వలేదు. నాలుగోవాడూ జరిగాడు.

ఆవిడ ఆట తయారుచేసినతనికి ఫోన్ చేసింది. "నెప్ట్యూన్ దగ్గర మనుషులెవరైనా కనిపిస్తారాండీ?"

"లేదండీ, అక్కడ ఉత్త చీకటే." అంతలోనే అతను గొంతు తగ్గించి అడిగాడు. "ఎంతమంది పక్కకి జరిగారు?"

జరిగారని ఆవిడ చెప్పనేలేదు.

"మీకెలా తెలుసు?" అనేలోపే ఫోన్ పెట్టేశాడు. ఆవిడ తలెత్తి చూసేసరికి ఏడుగురూ అలమరాలకు ఆనుకుని ఉన్నారు. మిగిలింది చివరి పాప ఒక్కతే. ఆ పాప మెడ పైకెత్తి, ఎవరో అడిగేది శ్రద్ధగా విని, మర్యాదగా పక్కకు తప్పుకుంది.

"మా టీచరాండీ? ఇదిగో, మీ ఎదురుగానే ఉన్నారు."