పన్ను కాదమ్మా

బార్షీ డిపోకి బదిలీ అయి వచ్చిన నెలకే కండక్టర్ వైజయంతకి కుడి దవడ పట్టేసింది.

టిక్కెట్టు అడగాలంటే నొప్పి. జొన్నరొట్టె భాకరి నమిలితే చెవిలో సూది దించినట్టు పోటు.

మూడో రోజు సెలవు పెట్టి, బస్టాండు ఎదురుగా ఉన్న పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

బెంచీ మీద ఆమె పక్కన ఓ ముసలాయన కూర్చున్నాడు. నలిగిన ధోవతి, తెల్లటోపీ. అందరి చేతుల్లో చీటీలున్నాయి, ఆయన చేతిలో లేదు.

"ఎక్కడ తాయీ నొప్పి?"

"పళ్ళ డాక్టరు దగ్గరికి మోకాలి నొప్పికి వస్తారా?" కసిరింది వైజయంత.

"నోరు తెరిస్తే చెవి ముందర టక్కుమంటోందా?"

ఆమె ఉలిక్కిపడింది. "ఊఁ."

"పొద్దున్న లేచేసరికి ఎక్కువగా ఉంటుందా? కోపమొస్తే పళ్ళు బిగబడతావా?"

"రోజూ ఐదొందల మందితో నోరు పారేసుకునేదాన్ని. బిగబట్టక ఇకిలించమంటావా?"

"అయితే పన్ను కాదమ్మా. దవడ కీలు. పీకించుకోకు. ఇదిగో, ఇక్కడ..." అంటూ ఆమె చెవి ముందు వేలు పెట్టబోయాడు.

వైజయంత ఆ చేతిని ఫెడీమని కొట్టింది.

"ఒంటి మీద చెయ్యేస్తావా ముసలోడా! సిగ్గులేదూ?"

ఆ అరుపుకి డాక్టరు బయటికి వచ్చాడు.

"మళ్ళీ వచ్చావా? ఎన్నిసార్లు చెప్పాలి నీకు!"

ముసలాయన చొక్కా పట్టుకుని, మెట్ల దాకా ఈడ్చుకెళ్ళి వదిలేశాడు. బెంచీ మీదివాళ్ళంతా నేల చూపులు చూశారు.

ముసలాయన కిందపడ్డ టోపీ తీసి దులుపుకున్నాడు. "పీకించుకోకు," అన్నాడు మళ్ళీ.

"పిచ్చోడు. పట్టించుకోకండి," అన్నాడు డాక్టరు.

ఆ రోజు ఒక దంతం పీకాడు. వారం తర్వాత దాని పక్కది. నొప్పి మాత్రం ఉన్నచోటే ఉంది. మూడోది కూడా తీసేద్దామనేసరికి, వైజయంత ఎక్స్‌రే ఫిల్ము పట్టుకుని సోలాపూర్ పెద్దాసుపత్రికి పోయింది.

అక్కడి డాక్టరమ్మ ఆమె చెవుల ముందు రెండు వేళ్ళు ఆనించింది.

"తెరవండి. ఇప్పుడు మూయండి."

టక్.

"దవడ కీలు అరిగి అలిసిపోయిందమ్మా. పీకిన ఆ రెండూ మంచి పళ్ళే. ఎవరు పీకారు?"

వైజయంత నాలుకతో ఆ రెండు ఖాళీలూ తడుముకుంది.

"పెదాలు కలవాలి, పళ్ళు కలవకూడదు. అది గుర్తుపెట్టుకోండి. వేడిగుడ్డతో కాపడం పెట్టండి. కొన్నాళ్ళు భాకరి మానేసి మెత్తటి అన్నం తినండి. పడుకునేటప్పుడు పళ్ళకి ఈ తొడుగు పెట్టుకోండి."

రెండు నెలల్లో నొప్పి తగ్గింది. కోపం తగ్గలేదు.

బార్షీలో ఆ పళ్ళ డాక్టరు బల్ల మీద వైజయంత ఫిల్ము విసిరికొట్టింది.

"మంచి పళ్ళు పీకావు!"

"నొప్పని మీరే వచ్చారు. సంతకం పెట్టిందీ మీరే."

"చీటీ కూడా లేని ముసలాయనకి తెలిసింది! ఇన్ని మిషన్లు పెట్టుకుని నీకు తెలియలేదా?"

డాక్టరు మొహం నల్లబడింది. "బయటికి నడవండి."

బయట బెంచీ దగ్గర ఊడుస్తున్న ఆయా కనిపించింది.

"ఆ ముసలాయన ఏడీ? ఆయన కాళ్ళు పట్టుకోవాలి నేను."

"పోయాడు తాయీ. పదమూడో రోజు కర్మ కూడా అయిపోయింది."

వైజయంత బెంచీ మీద కూలబడింది. "అసలెవరాయన?"

ఆయా లోపలి తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది.

"మా డాక్టరు నాన్న. ముప్ఫై ఏళ్ళు ఆ గదిలో పళ్ళు పీకింది ఆయనే. ఇదే నొప్పికి కట్టుకున్నదాని మంచి పళ్ళు తొమ్మిది పీకేశాననీ, అది దవడ కీలనీ తెలిసిన రోజు నుంచి మళ్ళీ పట్టకారు ముట్టలేదు."