దీమం పిట్ట

ఓబులేసు దీమంగా వాడే భరతపిట్టను గుప్పిట్లో పట్టుకుని, దాని కనురెప్పలు కుట్టడానికి సూదిలో దారం ఎక్కించాడు.

అతని పెళ్లాం మాలకొండమ్మ నెత్తిన, చంకన ఉన్న నీళ్ల కడవలు దించి పరుగున వచ్చింది. "అదేం చేసింది మామా?"

"దీని పాట వినే గదా మిగతా భరతపిట్టలు వలలోకి రావాల! పది దినాలుగా పడేదంతా గోరింకలే. వాటినెవురు కొంటారు? కళ్లు మూస్తే గట్టిగా పిలస్తాది. బిడ్డ గంజినీళ్లతో పడుండాది మే!"

"పిట్ట పొద్దుటినించి గొంతు చించుకుంటానే ఉండాది గదా."

"మరి ఒక్కటీ రాదేం?"

"గోరింక యాడైనా బతకతాది. భరతపిట్ట బోడి నేల మీద తప్ప గుడ్లు పెట్టదని నువ్వే చెప్పినావు. ఆ నేల యాడుండాది మామా?"

ఓబులేసు తలెత్తాడు. ఇసకదిబ్బల నిండా, సముద్రం దాకా, నడుమెత్తు సర్వి మొక్కలు, సరుగుడు తోటలు. రెండేళ్లుగా కూలికి నీళ్లు మోసి వాటిని బతికించింది మాలకొండమ్మే.

"ఇంక నీళ్లు పొయ్యబాక," అన్నాడు.

"పొయ్యకుంటే ఆ గంజయినా యాడిది?"

అతను కళ్లు కుట్టకుండానే పిట్టను పంజరంలో వదిలాడు. అది వెంటనే పిలవడం మొదలుపెట్టింది.

వినలేక, ఓబులేసు ఆమె దించిన కడవల్లో ఒకటి ఎత్తుకుని మొక్కల వైపు నడిచాడు.